ట్రిగ్గర్లను కాసేపు ఆపి, తిరిగి పెట్టడం ఎలా: పాత డేటా ఎక్కించే రాత్రికి సమగ్ర మార్గదర్శి

అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చేసి, కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పాత డేటా ఎక్కించాలి, ట్రిగ్గర్లు అడ్డు వస్తున్నాయి, కాసేపు ఆపేదెలా?"

టేబుల్‌లో రికార్డు పడినా, మారినా తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రామే ట్రిగ్గర్. దాన్ని ఆపే కమాండు ఒక్క వాక్యం. దాన్ని ఎవరైనా చెబుతారు. ఆపిన కాలంలో ఆ ట్రిగ్గర్ చేయాల్సిన పని ఎవరు చేయాలి, తిరిగి పెట్టేటప్పుడు దేన్ని పెట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నవి తేల్చుకోవడమే అసలు పని. ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్ ముందుగా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుంటాడు. ఏ ఫీడరు, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు అన్నది రిజిస్టరులో రాస్తారు. పని ముగిశాక, తీసుకున్న మనిషి ఎల్‌సీ తిరిగి ఇస్తేనే లైనులోకి కరెంటు వదులుతారు. ట్రిగ్గర్ల విషయంలోనూ నేను ఇదే పద్ధతి పాటిస్తాను.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిషులో కొట్టండి. టేబుళ్ల పేర్లు, ట్రిగ్గర్ల పేర్లు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి.

ఉదాహరణ: బేగంబజార్‌లో బాదం, జీడిపప్పు, ఖర్జూరం టోకున అమ్మే ఒక కొట్టు. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మూడేళ్ల బిల్లులను కొత్త డేటాబేస్‌లోకి తేవాలి. బిల్లులోని ఒక్కో పంక్తి "బిల్లు_పద్దులు" అనే టేబుల్‌లో ఒక్కో రికార్డు. ఆ టేబుల్ మీద ఐదు ట్రిగ్గర్లు ఉన్నాయి. పని రాత్రి, కొట్టు మూశాక.

1. ఆపక తప్పదా? ముందు ఇది తేల్చుకోండి

ట్రిగ్గర్ ఆపడానికి సరైన కారణాలు నాకు తెలిసి మూడే.

- పాత డేటాను తెస్తున్నారు. ట్రిగ్గర్ చేసే పని ఆ డేటా విషయంలో ఎప్పుడో జరిగిపోయింది. మళ్లీ జరిగితే లెక్క రెండుసార్లు పడుతుంది.
- తప్పుగా పడిన రికార్డులను సరిదిద్దుతున్నారు. ట్రిగ్గర్ ఆ దిద్దుబాటును అడ్డుకుంటోంది, లేదా దాన్ని కొత్త లావాదేవీగా లెక్కిస్తోంది.
- మరో డేటాబేస్ నుంచి నకలు వస్తోంది. ట్రిగ్గర్ ఫలితం కూడా అక్కడి నుంచే వస్తోంది.

"లోడు నెమ్మదిగా సాగుతోంది" అన్నది నాలుగో కారణంగా వినిపిస్తుంది. దానికి వెంటనే తలూపకండి. ముందు ట్రిగ్గర్ ఉంచి వెయ్యి రికార్డులు, ఆపి వెయ్యి రికార్డులు టెస్ట్ సర్వర్‌లో ఎక్కించి కాలం కొలవండి. చాలాసార్లు ఆలస్యం ఇండెక్సుల (వెతుకులాటను వేగం చేసే సూచికల) దగ్గరో, రికార్డుకొక కమిట్ (మార్పును ఖాయం చేయడం) చేయడం దగ్గరో ఉంటుంది. ట్రిగ్గర్ లోపలి క్వెరీకి ఇండెక్సు లేకపోయినా ఇలాగే జరుగుతుంది. అప్పుడు ఆ ఇండెక్సు వేయడమే మందు, ట్రిగ్గర్ ఆపడం కాదు.

పగటిపూట, వాడుకరులు బిల్లులు కొడుతుండగా టేబుల్ అంతటికీ ట్రిగ్గర్ ఆపవలసి వస్తే ఆ పద్ధతి వద్దు. 8వ భాగంలో చెప్పిన దారి చూడండి.

2. ఒక్కో ట్రిగ్గర్ ఏమి చేస్తుందో కాగితం మీద రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ట్రిగ్గర్ కోడ్ తెరిచి పూర్తిగా చదవాలి. పేరు చూసి ఊహించకూడదు, ఎందుకంటే రెండేళ్లలో ఎవరో ఒకరు ఆ పేరుకు సంబంధం లేని రెండు లైన్లు అందులో చేర్చి ఉంటారు.

మన ఉదాహరణలోని ఐదూ ఇవి.

"మొత్తం_లెక్క": రికార్డు పడకముందే పనిచేస్తుంది. పరిమాణాన్ని రేటుతో గుణించి, పన్ను కలిపి, మొత్తం అనే కాలమ్‌ను నింపుతుంది.

"నిల్వ_తగ్గింపు": రికార్డు పడ్డాక సరుకు_నిల్వ టేబుల్‌లో అంత పరిమాణం తగ్గిస్తుంది.

"మార్పుల_చిట్టా": ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చిట్టా టేబుల్‌లో రాస్తుంది.

"సందేశ_వరుస": కొనుగోలుదారుకు ఎస్సెమ్మెస్ పంపడానికి ఒక రికార్డును వరుసలో పెడుతుంది. వేరే ప్రోగ్రాము ఆ వరుసను చూసి పంపుతుంది.

"పండుగ_రాయితీ": దీపావళికి రాసినది. పండుగ అయ్యాక ఆపేశారు, తీసివేయలేదు.

ఇప్పుడు ఒక్కోదాని ఎదురుగా రెండు ప్రశ్నలు వేయండి. ఈ పాత రికార్డుకు ఆ పని జరగాలా? జరగాలంటే ట్రిగ్గరే చేయాలా, తరువాత మనమే ఒకేసారి చేయవచ్చా?

మొత్తం_లెక్కకు జవాబు పాత డేటాను బట్టి ఉంటుంది. పాత బిల్లులో మొత్తం విలువ లేకపోతే ట్రిగ్గర్‌ను నడవనివ్వండి. విలువ ఉండి, అప్పటి పన్ను రేటు ఇప్పటి రేటు కాకపోతే మాత్రం దాన్ని ఆపాల్సిందే. లేకపోతే మూడేళ్ల కిందటి బిల్లుకు ఈనాటి పన్ను పడుతుంది. మన కొట్టుకు పాత మొత్తాలు ఉన్నాయి కనుక ఆపాలి.

నిల్వ_తగ్గింపు నడవకూడదు. కొత్త డేటాబేస్‌లో ఉన్న నిల్వ మొన్న గోదాములో బస్తాలు లెక్కపెట్టి ఎక్కించినది. పాత అమ్మకాలు దాని నుంచి తగ్గితే బాదం నిల్వ తెల్లారేసరికి సున్నా కిందికి పోతుంది.

సందేశ_వరుస గురించి చెప్పనవసరం లేదు. ఎప్పుడో డబ్బు కట్టేసిన కొనుగోలుదారుకు అర్ధరాత్రి "మీ బిల్లు సిద్ధమైంది" అని సందేశం వెళ్లకూడదు.

మార్పుల_చిట్టాను మాత్రం నేను ముట్టుకోను. లోడు గంటసేపు ఎక్కువ పట్టినా సరే. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలైతే 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే చిట్టా ఉండి తీరాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు అన్నది నియమం. మీ ట్రిగ్గర్ ఆ చిట్టాలో భాగమైతే దాన్ని ఆపే నిర్ణయం మీది కాదు, మీ మేనేజరుది కూడా కాదు. ఆడిటరు దాకా వెళ్లాలి.

అంటే ఐదింటిలో మనం ఆపవలసినవి మూడు, వదిలేయాల్సినది ఒకటి, ఇప్పటికే ఆగి ఉన్నది ఒకటి. "అన్నీ ఆపు" అనే కమాండు ఈ టేబుల్‌కు ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతోంది.

3. ఇప్పుడున్న స్థితిని భద్రం చేయండి

ఆపడానికి ముందు ఏవి నడుస్తున్నాయి, ఏవి ఆగి ఉన్నాయి అన్నది ఫైలులో దాచుకోవాలి. ఎక్కడ చూడాలన్నది మీరు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది:

- పోస్ట్‌గ్రెస్: పీజీ_ట్రిగ్గర్ అనే కేటలాగు టేబుల్, టీజీఎనేబుల్డ్ కాలమ్. అందులో 'ఓ' అక్షరం ఉంటే మామూలుగా నడుస్తోంది, 'డీ' ఉంటే ఆగి ఉంది, 'ఆర్' ఉంటే రెప్లికా (మరో డేటాబేస్ నకలు అందుకునే) స్థితిలో మాత్రమే నడుస్తుంది, 'ఏ' ఉంటే ఎప్పుడూ నడుస్తుంది.
- ఎస్‌క్యూఎల్ సర్వర్: సిస్.ట్రిగ్గర్స్ వ్యూ, ఈజ్_డిజేబుల్డ్ కాలమ్. 1 అంటే ఆగి ఉంది.
- ఒరాకిల్: యూజర్_ట్రిగ్గర్స్ వ్యూ, స్టేటస్ కాలమ్.
- మైఎస్‌క్యూఎల్: ఆగి ఉండడం అనే స్థితి లేదు. షో ట్రిగ్గర్స్ జాబితాలో ఉంటే నడుస్తున్నట్టే.

ఈ అడుగు ఎందుకు దాటవేయకూడదో నాకు అనుభవం మీద తెలిసింది. ఒక కొట్టుకు ఇలాంటి పనే చేశాం. లోడు చక్కగా సాగింది. రాత్రి ఒంటిగంటకు ఆ టేబుల్ మీద "అన్నీ పెట్టు" కమాండు కొట్టి ఇంటికి వెళ్లాం. మరునాడు పదిన్నరకు కౌంటరు గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, నేను చెప్పే రేటు ఒకటి, బిల్లులో పడేది ఒకటి. బేరం ఆడని వాళ్లకు కూడా తగ్గించి వస్తోంది." ఎప్పుడో ఆపిన పండుగ రాయితీ ట్రిగ్గర్ మిగతావాటితో పాటు లేచి కూర్చుంది. మేము తెలుసుకునేసరికి ఇచ్చిన బిల్లులు ఇచ్చినట్టే పోయాయి. సరుకు తీసుకెళ్లిన వాళ్లను వెనక్కి పిలిచి డబ్బు అడగలేం. ఆ తేడాను యజమాని భరించారు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. స్థితిని దాచుకోకుండా నేను మళ్లీ ఏ టేబుల్ మీదా చేయి వేయలేదు.

పోస్ట్‌గ్రెస్‌లో "అన్నీ పెట్టు" చేసే ఇంకో హాని ఉంది. 'ఏ' స్థితిలో, 'ఆర్' స్థితిలో ఉన్న ట్రిగ్గర్లను కూడా అది మామూలు 'ఓ' స్థితికి మార్చేస్తుంది. రెప్లికేషన్ వాడే చోట ఇది వారం తరువాత గానీ బయటపడదు.

4. ఎల్‌సీ: అనుమతి, సమయం, బ్యాకప్

ఆ రాత్రికి ముందే చేతిలో ఉండాల్సినవి:

- ఏ టేబుల్, ఏ ట్రిగ్గర్లు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, తిరిగి పెట్టే బాధ్యత ఎవరిది అన్న వివరాలతో ఒక మెయిలు. బాధ్యతకు ఒక్క పేరే రాయండి.
- ఆ టేబుల్, ట్రిగ్గర్ ముట్టుకునే ఇతర టేబుళ్లు కలిపి బ్యాకప్. మన ఉదాహరణలో సరుకు_నిల్వ కూడా.
- ఆపే స్క్రిప్టు, తిరిగి పెట్టే స్క్రిప్టు రెండూ ముందే రాసి, టెస్ట్ సర్వర్‌లో నడిపి చూసినవి. తిరిగి పెట్టేదాన్ని ముందు రాయండి.
- ఆ సమయంలో నడిచే షెడ్యూల్ పనుల జాబితా. రాత్రి రెండింటికి ఏదో రిపోర్టు ఆ టేబుల్‌లో రాస్తుంటే దాన్ని నిలపాలి.

ఇంట్లోని ల్యాప్‌టాప్ నుంచి నేరుగా లోడు నడపకండి. వానాకాలం సాయంత్రం కరెంటు పోయినా, నెట్ తెగినా కనెక్షన్ సగంలో పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌గా (అన్నీ కలిసి నిలిచే లేదా అన్నీ కలిసి రద్దయ్యే పనుల కట్టగా) నడిపితే అంతా వెనక్కి పోతుంది, నష్టం లేదు. ఒరాకిల్‌లో ట్రిగ్గర్లు ఆగిన స్థితిలోనే మిగిలిపోతాయి. సర్వర్‌లోనే, మన కనెక్షన్ తెగినా లోపలి పని ఆగనివ్వని టీమక్స్ లాంటి సెషన్ తెరిచి అందులో నడపండి.

5. పోస్ట్‌గ్రెస్‌లో

ఈ పనికి నాకు అన్నిటికంటే నమ్మకమైన డేటాబేస్ ఇదే. ఆపడం, లోడు, తిరిగి పెట్టడం మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఇమిడిపోతాయి. వరుస ఇది:

బిగిన్;
సెట్ లోకల్ లాక్_టైమవుట్ = '5ఎస్';
ఆల్టర్ టేబుల్ బిల్లు_పద్దులు డిజేబుల్ ట్రిగ్గర్ మొత్తం_లెక్క;
ఆల్టర్ టేబుల్ బిల్లు_పద్దులు డిజేబుల్ ట్రిగ్గర్ నిల్వ_తగ్గింపు;
ఆల్టర్ టేబుల్ బిల్లు_పద్దులు డిజేబుల్ ట్రిగ్గర్ సందేశ_వరుస;
(ఇక్కడ లోడు, ఆ తరువాత లెక్కల సరిచూపు)
ఆల్టర్ టేబుల్ బిల్లు_పద్దులు ఎనేబుల్ ట్రిగ్గర్ మొత్తం_లెక్క;
(మిగతా రెండూ ఇలాగే)
కమిట్;

డిజేబుల్ కమాండు ఆ టేబుల్ మీద షేర్ రో ఎక్స్‌క్లూజివ్ అనే లాక్ తీసుకుంటుంది. ఇతరులు చదవగలరు, రాయలేరు. ఆ లాక్ కమిట్ దాకా ఉంటుంది కనుక మన ట్రాన్సాక్షన్ నడిచినంతసేపు వేరే ఎవరూ ట్రిగ్గర్ లేకుండా ఒక్క రికార్డు కూడా రాయలేరు. మధ్యలో ఏ తప్పు జరిగినా రోల్‌బ్యాక్‌తో, అంటే చేసినదంతా రద్దు చేసే కమాండుతో, డేటాతో పాటు ట్రిగ్గర్ల స్థితి కూడా మొదటికి వస్తుంది.

లాక్_టైమవుట్ ఎందుకంటే, ఎవరైనా ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసి ఉంటే మన కమాండు లాక్ కోసం ఆగిపోతుంది. మన వెనుక రాయాలనుకునే వాళ్లంతా క్యూ కడతారు. ఐదు సెకన్లలో లాక్ దొరకకపోతే వెనక్కి వచ్చి, ఎవరు పట్టుకున్నారో చూసి మళ్లీ ప్రయత్నించడమే మేలు.

ట్రిగ్గర్ పేరుకు బదులు "యూజర్" అని రాస్తే మనం రాసుకున్న ట్రిగ్గర్లన్నీ ఆగుతాయి. "ఆల్" అని రాస్తే ఫారిన్ కీలను (ఒక టేబుల్‌లోని రికార్డు ప్రస్తావించేది మరో టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమాలను) కాపాడే అంతర్గత ట్రిగ్గర్లు కూడా ఆగుతాయి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక బోల్తా పడినవారు ఎందరో. ఆల్‌కు సూపర్‌యూజర్ హక్కు కావాలి. ఆర్‌డీఎస్ లాంటి క్లౌడ్ సేవల్లో ఆ హక్కు ఇవ్వరు కనుక "సిస్టమ్ ట్రిగ్గర్, అనుమతి లేదు" అన్న ఎర్రర్ వస్తుంది. దాన్ని దాటే దారి వెతకకండి. మీకు కావలసింది పేరుతో ఆపడమే.

సెషన్_రెప్లికేషన్_రోల్ అనే సెట్టింగును రెప్లికాగా మార్చడం ఇంకో దారి. టేబుల్ లాక్ అవసరం లేదు, మన సెషన్‌కే వర్తిస్తుంది. కానీ ఆ సెషన్ రాసే అన్ని టేబుళ్ల మామూలు ట్రిగ్గర్లూ ఆగిపోతాయి, ఫారిన్ కీ తనిఖీలు కూడా. చిట్టా ట్రిగ్గర్ కూడా అందులో పోతుంది. వాడక తప్పకపోతే సెట్ లోకల్‌తో ట్రాన్సాక్షన్ లోపలే వాడండి, చిట్టా ట్రిగ్గర్‌ను ముందుగా ఎనేబుల్ ఆల్వేస్ స్థితిలో పెట్టండి.

ఫారిన్ కీ తనిఖీ ఆగిన కాలంలో పడిన అనాథ రికార్డులను (తాము ప్రస్తావించేది లేని రికార్డులను), తిరిగి పెట్టాక పోస్ట్‌గ్రెస్ తనంతట తాను వెతకదు. ఆ నియమం (కన్‌స్ట్రెయింట్) మీద అప్పటికే "సరైనది" అన్న ముద్ర ఉంటుంది కనుక వ్యాలిడేట్ కమాండు కూడా ఏమీ చేయదు. ఆ కన్‌స్ట్రెయింట్‌ను తీసివేసి, నాట్ వ్యాలిడ్‌గా మళ్లీ చేర్చి, ఆ తరువాత వ్యాలిడేట్ చేస్తేనే నిజంగా చూస్తుంది.

6. ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్

ఎస్‌క్యూఎల్ సర్వర్ కమాండు ఇలా ఉంటుంది:

డిజేబుల్ ట్రిగ్గర్ నిల్వ_తగ్గింపు ఆన్ బిల్లు_పద్దులు;

దీని ముందు వాక్యం చివర సెమికోలన్ తప్పనిసరి. లేకపోతే డిజేబుల్ అన్న మాటను సర్వర్ వేరుగా అర్థం చేసుకుని ఎర్రర్ ఇస్తుంది. ఇక్కడ కూడా బిగిన్ ట్రాన్సాక్షన్ లోపల పెట్టవచ్చు, రోల్‌బ్యాక్ పనిచేస్తుంది. కాకపోతే లాక్ మరింత గట్టిది. చదివేవాళ్లు కూడా ఆగిపోతారు. అందుకే కొట్టు మూశాకే.

ఇంకో మాట. బల్క్ ఇన్సర్ట్‌తో (ఫైలు నుంచి మూకుమ్మడిగా ఎక్కించే కమాండుతో) ఎక్కిస్తే, ఫైర్_ట్రిగ్గర్స్ అని ప్రత్యేకంగా అడగనంతవరకు ఇన్సర్ట్ ట్రిగ్గర్లు అసలు నడవవు. మీరు ఆపాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. చిట్టా ట్రిగ్గర్ కూడా నడవదన్నది మాత్రం మరవకండి. చిట్టా కావాలంటే ఫైర్_ట్రిగ్గర్స్ పెట్టి, మిగతావాటిని పేరుతో ఆపండి.

ఒరాకిల్‌లో:

ఆల్టర్ ట్రిగ్గర్ నిల్వ_తగ్గింపు డిజేబుల్;

ఒరాకిల్‌లో ఇలాంటి కమాండు నడవగానే కమిట్ అయిపోతుంది. ట్రాన్సాక్షన్ రక్షణ లేదు. కమాండు కొట్టిన క్షణం నుంచి అందరికీ ట్రిగ్గర్ ఆగినట్టే. అందుచేత ముందు అప్లికేషన్‌ను నిలపండి, కనెక్షన్లు లేవని చూడండి, ఆ తరువాతే ఆపండి. లోడు విఫలమైనా తిరిగి పెట్టే స్క్రిప్టు నడిచేలా దాన్ని వేరే ఫైలుగా ఉంచండి.

ఒరాకిల్ ఎక్కింపు సాధనమైన ఎస్‌క్యూఎల్ లోడర్‌లోని డైరెక్ట్ పాత్ పద్ధతి ఇన్సర్ట్ ట్రిగ్గర్లను తానే ఆపి, చివర తానే పెడుతుంది. లోడు మధ్యలో చెడితే స్టేటస్ కాలమ్ చూడకుండా లేవకండి.

తిరిగి పెట్టాక మొదటి బిల్లుకే ఓఆర్ఏ-04098 ఎర్రర్ వస్తే, ట్రిగ్గర్ నడిచే స్థితిలో ఉంది గానీ దాని కోడ్ చెల్లడం లేదని అర్థం. సాధారణంగా అది వాడే కాలమ్‌నో, ప్రొసీజరునో ఎవరో మార్చి ఉంటారు. కంపైల్ చేసి, ఎక్కడ తప్పుందో యూజర్_ఎర్రర్స్‌లో చూడండి.

7. మైఎస్‌క్యూఎల్‌లో

ట్రిగ్గర్‌ను ఆపే కమాండు మైఎస్‌క్యూఎల్‌లో లేదు. ఫారిన్_కీ_చెక్స్‌ను సున్నా చేస్తే ట్రిగ్గర్లు ఆగుతాయని చాలామంది నమ్ముతారు. ఆగవు. అది ఫారిన్ కీలకు మాత్రమే.

కాబట్టి తీసివేసి మళ్లీ సృష్టించడమే దారి.

మొదట షో క్రియేట్ ట్రిగ్గర్ కమాండుతో పూర్తి నిర్వచనం తీసి ఫైలులో పెట్టండి. అందులో కోడ్‌తో పాటు మూడు విషయాలు చూడండి: డిఫైనర్ (ఎవరి హక్కులతో ట్రిగ్గర్ నడుస్తుందో ఆ ఖాతా) ఎవరు, ఎస్‌క్యూఎల్_మోడ్ (సర్వర్ ఎస్‌క్యూఎల్‌ను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే సెట్టింగు) ఏమిటి, క్యారెక్టర్ సెట్ ఏమిటి. మళ్లీ సృష్టించేటప్పుడు డిఫైనర్ రాయకపోతే కమాండు కొట్టిన మీరే డిఫైనర్ అవుతారు. ఆరు నెలలకు మీరు ఉద్యోగం మారి, మీ ఖాతా తొలగించిన రోజున ఆ కొట్టులో బిల్లులు ఆగిపోతాయి. ఎందుకో అక్కడ ఎవరికీ తెలియదు.

ఎస్‌క్యూఎల్_మోడ్ కూడా అంతే. ట్రిగ్గర్ సృష్టించిన నాటి మోడ్ దానికి అతుక్కుని ఉంటుంది. మీ సెషన్ మోడ్ వేరైతే కొత్త ట్రిగ్గర్ వేరుగా ప్రవర్తిస్తుంది. అదే మోడ్‌ను ముందు సెట్ చేసుకుని సృష్టించండి.

ఒకే సంఘటన మీద రెండు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు, ఏది వెనుక అన్నది కూడా రాసుకోవాలి. మళ్లీ సృష్టించిన ట్రిగ్గర్ చివరికి చేరుతుంది. ఫాలోస్, ప్రిసీడ్స్ అనే మాటలతో పాత వరుసను నిలబెట్టండి. డిలిమిటర్ (కమాండు ముగింపు గుర్తు) మార్చడం మరిచిపోతే నిర్వచనం మధ్యలోనే తెగుతుంది, అది వెంటనే తెలిసిపోతుంది కనుక పెద్ద ప్రమాదం కాదు.

ఎస్‌క్యూలైట్‌లో కూడా తీసి పెట్టడమే. నిర్వచనం ఎస్‌క్యూలైట్_మాస్టర్ టేబుల్‌లో ఉంటుంది.

8. ఆపకుండా దాటవేయడం

వాడుకరులు లోపల ఉండగా పని చేయాలన్నా, ఇలాంటి లోడు నెలనెలా ఉన్నా, ట్రిగ్గర్‌లోనే ఒక గుర్తును చూసే షరతు పెట్టండి. గుర్తు ఉన్న సెషన్‌కు ట్రిగ్గర్ పని చేయదు, మిగతా అందరికీ చేస్తుంది. నా మటుకు నాకు, ముందు నుంచే ట్రిగ్గర్లను ఇలా రాసుకుంటే 5 నుంచి 7 దాకా చెప్పిన పాట్లు చాలావరకు తప్పుతాయి.

పోస్ట్‌గ్రెస్‌లో మన సొంత సెట్టింగు ఒకటి పెట్టుకుని, ట్రిగ్గర్ వెన్ షరతులో కరెంట్_సెట్టింగ్ ఫంక్షన్‌తో దాన్ని చూడాలి. రెండో ఆర్గ్యుమెంటుగా ట్రూ ఇస్తే సెట్టింగు లేనప్పుడు ఎర్రర్ రాదు, నల్ (విలువ లేదు అన్న గుర్తు) వస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. సెట్ లోకల్ ఒకసారి వాడిన సెషన్‌లో, ట్రాన్సాక్షన్ ముగిశాక ఆ విలువ నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్ అవుతుంది. "నల్ అయితే నడువు" అని రాసినవాళ్లకు రెండో ట్రాన్సాక్షన్ నుంచి ట్రిగ్గర్ నడవదు. ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ 'ఆన్' అని రాయండి, అంటే విలువ ఆన్ కాని ప్రతి సందర్భంలోనూ ట్రిగ్గర్ నడవాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి సెషన్_కాంటెక్స్ట్ ఉంది. ఒరాకిల్‌లో అప్లికేషన్ కాంటెక్స్ట్ గానీ ప్యాకేజీ వేరియబుల్ గానీ వాడవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో @ గుర్తుతో మొదలయ్యే యూజర్ వేరియబుల్ సరిపోతుంది. అయితే కనెక్షన్ పూల్ (ఒకే కనెక్షన్‌ను ఒకరి తరువాత ఒకరికి ఇచ్చే ఏర్పాటు) ఉన్నచోట ఆ వేరియబుల్ కనెక్షన్‌తో పాటు తరువాతి వాడుకరి చేతికి వెళ్లవచ్చు. పని ముగియగానే దాన్ని నల్ చేయండి, లోడు విఫలమైన దారిలో కూడా.

9. ఆగిన కాలంలో మిగిలిన పని

2వ భాగంలో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. ఏ పని "తరువాత ఒకేసారి" అని రాశారో అది ఇప్పుడు చేయాలి. ట్రిగ్గర్లను తిరిగి పెట్టకముందే, వీలైతే అదే ట్రాన్సాక్షన్‌లో.

మన కొట్టుకు చేయవలసినవి:

- "మొత్తం" అనే కాలమ్ ఖాళీగా ఉన్న పాత పద్దులు ఎన్ని? ఉంటే ఆ బిల్లు తేదీనాటి పన్నుతో లెక్కించి నింపాలి.
- పాత సాఫ్ట్‌వేర్‌లో నెలవారీ అమ్మకాల మొత్తం, కొత్త టేబుల్‌లో నెలవారీ మొత్తం పక్కపక్కన పెట్టి చూడాలి. రికార్డుల సంఖ్య కలిసినంత మాత్రాన సరిపోదు, రూపాయలు కలవాలి.
- సరుకు_నిల్వ టేబుల్ లోడుకు ముందు ఎలా ఉందో అలాగే ఉండాలి. బ్యాకప్‌తో పోల్చండి.
- సందేశాల వరుసలో ఈ రాత్రి కొత్తగా ఏ రికార్డూ పడి ఉండకూడదు.
- "బిల్లులు" అనే టేబుల్‌లో లేని బిల్లుకు చెందిన పద్దు ఒక్కటి కూడా ఉండకూడదు. లెఫ్ట్ జాయిన్ చేసి, కుడివైపు నల్ వచ్చినవి వెతకండి.

నెలవారీ మొత్తాల్లో తేడా వస్తే అక్కడే ఆగండి. రోల్‌బ్యాక్ చేసి ఇంటికి వెళ్లడం తప్పు కాదు, మరో రాత్రి చేసుకోవచ్చు.

10. తిరిగి పెట్టడం, నిజంగా నడుస్తున్నాయో చూడడం

దాచిన స్థితి ఫైలును ఇప్పటి స్థితితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా కూడా ఉండకూడదు. పండుగ_రాయితీ ఆగి ఉండాలి, మిగతా నాలుగూ నడుస్తుండాలి.

కేటలాగులో "నడుస్తోంది" అని ఉంటే చాలదు. ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక కిలో బాదం అమ్మినట్టు ఒక పద్దు వేసి, మొత్తం నిండిందా, నిల్వలో కిలో తగ్గిందా, చిట్టాలో పంక్తి పడిందా, వరుసలో సందేశం చేరిందా అని నాలుగూ చూసి, రోల్‌బ్యాక్ చేయండి.

రెండు జాగ్రత్తలు. ట్రిగ్గర్ డేటాబేస్ బయటికి నేరుగా ఏదైనా పంపేదైతే రోల్‌బ్యాక్ దాన్ని వెనక్కి తేలేదు. అలాగే బిల్లు నంబరు సీక్వెన్స్ (వరుస నంబర్లు ఇచ్చే ఏర్పాటు) నుంచి వచ్చేదైతే, రోల్‌బ్యాక్ చేసినా వాడిన నంబరు తిరిగి రాదు. జీఎస్టీ బిల్లుల నంబర్లు వరుసగా ఉండాలి కనుక పరీక్షకు కొత్త బిల్లు సృష్టించకండి. ఉన్న బిల్లు కింద పద్దు వేసి చూడండి.

11. తరచుగా ఎదురయ్యే చిక్కులు

పోస్ట్‌గ్రెస్ "పెండింగ్ ట్రిగ్గర్ ఈవెంట్స్" అని ఎర్రర్ ఇస్తోంది. కమిట్ దాకా వాయిదా వేసిన కన్‌స్ట్రెయింట్ తనిఖీలు ఆ టేబుల్ మీద మిగిలి ఉన్నాయి. ఎనేబుల్ చేయడానికి ముందు సెట్ కన్‌స్ట్రెయింట్స్ ఆల్ ఇమీడియట్ కొట్టండి.

లోడు అయ్యాక నిల్వ ఇప్పటికే తగ్గిపోయింది. ట్రిగ్గర్ ఒకటే ఆపారు, అదే పని చేసే మరో ట్రిగ్గర్ "బిల్లులు" టేబుల్ మీద ఉంది. లోడు రాసే ప్రతి టేబుల్‌కూ 2వ భాగంలోని జాబితా తయారుచేయాలి.

తిరిగి పెట్టాం, కానీ అప్లికేషన్ వైపు ఏమీ జరగడం లేదు. చాలాసార్లు స్క్రిప్టు టెస్ట్ సర్వర్‌లో నడిచి ఉంటుంది. స్క్రిప్టు మొదటి లైనులోనే డేటాబేస్ పేరు ముద్రించేలా రాయండి.

తెల్లారి చూస్తే ట్రిగ్గర్లు ఆగే ఉన్నాయి, కొన్ని బిల్లులు పడిపోయాయి. కంగారు పడకుండా మొదట ట్రిగ్గర్ పెట్టేయండి, దిద్దుబాటు తరువాత. ఆగిన సమయం, పెట్టిన సమయం రాసుకుని, ఆ మధ్య పడిన పద్దులనే తీసి, నిల్వను ఒక్క అప్‌డేట్‌తో సరిచేయండి. పద్దుల్లో సమయం నమోదయ్యే కాలమ్ లేకపోతే ఐడీ నంబర్ల హద్దులతో తీయవచ్చు. అందుకే లోడు ముగిసిన క్షణాన అన్నిటికంటే పెద్ద ఐడీ ఎంతో నేను ఎప్పుడూ రాసి పెట్టుకుంటాను.

12. ఆ రాత్రి మీ బల్ల మీద ఉండాల్సిన కాగితం

- ఆపేవి: మూడు పేర్లు. ఆపనిది: మార్పుల_చిట్టా. ముట్టుకోనిది: పండుగ_రాయితీ.
- స్థితి ఫైలు దాచాను. సమయం:
- బ్యాకప్ అయింది, దాన్ని వేరేచోట తెరిచి చూశాను.
- షెడ్యూల్ పనులు నిలిపాను. పేర్లు:
- ఆపిన సమయం:
- లోడు ముగిసింది. పెద్ద ఐడీ:
- నెలవారీ రూపాయల మొత్తాలు కలిశాయి.
- నిల్వ మారలేదు, సందేశాల వరుసలో కొత్తవి లేవు, అనాథ పద్దులు లేవు.
- తిరిగి పెట్టిన సమయం:
- స్థితి ఫైలుతో పోల్చాను, తేడా లేదు.
- కిలో బాదం పరీక్ష చేశాను, రోల్‌బ్యాక్ చేశాను.
- షెడ్యూల్ పనులు మళ్లీ మొదలుపెట్టాను.
- ఎల్‌సీ తిరిగి ఇచ్చినట్టు మెయిలు పంపాను.
- ఉదయం మొదటి బిల్లు పడినప్పుడు గుమాస్తాకు ఫోన్ చేసి, రేటు, మొత్తం సరిపోయాయో అడగాలి.